బత్షెబ ఎడమ రొమ్ము

ఆరోగ్య శిక్షణల్లో నేనొక బొమ్మ చూపిస్తుంటాను. రెంబ్రాంట్ 1654లో గీసింది. అసలుది పారిస్‌లో, లూవ్ర్ మ్యూజియంలో ఉంది. దావీదు రాజు పంపిన ఉత్తరం పట్టుకుని, ఒంటి మీద బట్టల్లేకుండా బత్షెబ తలవంచుకుని కూర్చుంది. రమ్మన్నది రాజు, కాదనే వీలుందా ఆమెకు?

ఎడమ రొమ్ము చూడండి. చంక వైపు సొట్ట, రంగు తేడా. 1983లో ఆస్ట్రేలియా నుంచి ఇద్దరు అది క్యాన్సర్ కావచ్చని రాశారు. రెంబ్రాంట్‌తో కలిసి బతికిన హెండ్రిక్యా స్టాఫెల్సే ఈ బొమ్మకు మోడల్ అని చాలామంది నమ్మకం. ఆమె పోయింది 1663లో. వైద్యం లేకుండా క్యాన్సర్‌తో తొమ్మిదేళ్ళు బతుకుతుందా, అది చీముగడ్డో క్షయో అయుంటుందని మరికొందరు డాక్టర్లు. ఆ సందేహం నాకూ సబబే అనిపిస్తుంది.

అదే 1654లో, పెళ్ళికాకుండా గర్భవతి అయిందని చర్చి పెద్దలు హెండ్రిక్యాను పిలిపించి, ప్రభువు బల్లకు రానివ్వకుండా చేశారు. శిక్ష ఆమె ఒక్కదానికే. ఆమె శరీరం మీద తీర్పు చెప్పినవాళ్ళే అందరూ, నొప్పిగా ఉందా అని అడిగినవాళ్ళు కనబడరు.

బొమ్మ చూడగానే మనవాళ్ళు సిగ్గుపడి నవ్వుతారు. తర్వాత ఎవరో మెల్లగా అడుగుతారు: "నొప్పి లేని గడ్డ కూడా చూపించుకోవాలా?"

చూపించుకోవాలి. చర్మం సొట్టపడినా, చనుమొన లోపలికి లాగినా సరే.