పసిపిల్లలూ – టెలివిజనూ
(రేడియో మహిళల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



పసిపిల్లల్ని టెలివిజను చూడనివ్వవచ్చునా, కూడదా? ఈ విషయంలో ఇతరులకు నీతులు చెప్పే అర్హత నాకు లేదు. ఎందుకంటే ఆ పొరపాటు నేనే చేశాను.

మావారి ఉద్యోగరీత్యా మేము రంపచోడవరంలో ఉన్న రోజుల్లో, మా అమ్మాయి తన కొడుకును కొన్నాళ్ళు నా దగ్గర వదిలి వెళ్ళింది. వాడికి రెండేళ్ళు దాటాయి. అన్నం తినిపించాలంటే పెద్ద యుద్ధమే. టెలివిజనులో బొమ్మలు పెడితే మాత్రం గిన్నెడు అన్నమూ పది నిమిషాల్లో తినేసేవాడు. నా చేతి చలవే అని మురిసిపోయాను. ఏం తింటున్నాడో వాడికే తెలియదన్న సంగతి నాకు తట్టలేదు. అమ్మ, తాత అన్న రెండు మాటలు తప్ప వాడికి మరో మాట రాలేదు. "మగపిల్లలకి మాటలు ఆలస్యంలే" అని సరిపెట్టుకున్నాం.

ఆ వానాకాలం గాలివానకు చెట్లు కూలి నాలుగు రోజులు కరెంటు లేదు. మొదటి రోజు వాడు పెట్టె ముందు కూర్చుని ఒకటే ఏడుపు. దారిలేక చంకనేసుకుని వీధి అరుగు మీద కూర్చున్నాను. సంతకు పోయే ఆడవాళ్ళు చంటిపిల్లలతో కబుర్లాడుతూ వెడుతున్నారు. కొందరిది కోయభాష, నాకు ఒక్క ముక్క అర్థం కాదు. కాని ఆ చంకలోని పిల్ల తల్లి ముఖం చూస్తూ ఊఁ కొడుతోంది! నేనూ "అదిగో మేక, అదిగో దాని పిల్ల" అంటూ ముద్దలు పెట్టాను.

నాలుగు రోజుల్లో వాడికి మాటలు వచ్చేశాయని చెప్పను. నా ముఖం వైపు చూడడం మొదలుపెట్టాడు. మూడోనాడు మేకను చూసి "మే" అన్నాడు. అది విని సంతోషంతోపాటు సిగ్గూ వేసింది నాకు.

టెలివిజను గంటలకొద్దీ మాట్లాడుతుంది గాని, బిడ్డకు బదులు చెప్పదు. "మే" అంటే "అవున్నాన్నా, మేకే" అనవలసింది మనిషే. అలా అన్నప్పుడే బిడ్డకు మాట వస్తుంది. మన సీరియల్ కోసం పెట్టినా నష్టమే. 2009లో అమెరికాలో ప్రచురించిన ఒక పరిశోధనలో, టెలివిజను మోగిన ప్రతి గంటకూ పసిబిడ్డ చెవిన పడే పెద్దల మాటలు సుమారు 770 తగ్గినట్టు తేలింది.

1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు మన రాష్ట్రంతో సహా ఆరు రాష్ట్రాల్లో 2,400 గ్రామాలకు ఉపగ్రహం ద్వారా టెలివిజను చూపించారు. అందులో పిల్లల పాఠాలు అయిదు నుంచి పన్నెండేళ్ళ వారి కోసం తయారయ్యాయి. చదువు చెప్పడానికే పెట్టె తెచ్చినవారు కూడా చంటిపిల్లల్ని దాని ముందు కూర్చోబెట్టాలనుకోలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పినదీ అదే. రెండేళ్ళు నిండనివారికి అసలు వద్దు. రెండు నుంచి నాలుగేళ్ళ వారికి రోజుకు గంట మించకూడదు, ఇంకా తగ్గితే మరీ మంచిది. సెల్‌ఫోనుకూ ఇదే లెక్క.

వంటింట్లో కుక్కరు కూత పెడుతూంటే, చంటివాడు కాళ్ళకు చుట్టుకుంటూంటే, ఇవన్నీ చెప్పినంత తేలిక కాదని నాకు తెలుసు. అందుకని మూడు సంగతులే చెబుతాను. అన్నం పెట్టేవేళ పెట్టె కట్టేయండి. కూర తరుగుతూ వాడికి ఒక గిన్నే గరిటే ఇచ్చి, "ఇది వంకాయ, ఇది బెండకాయ" అని చెబుతూ ఉండండి. మూడు నాలుగేళ్ళ పిల్లలకు చూపిస్తే పక్కన కూర్చుని, చూసినదాని గురించి మాట్లాడండి.

మరొక్క మాట. రెండేళ్ళకూ మాటలు రాకపోతే తప్పంతా టెలివిజను మీదికి నెట్టి ఊరుకోవద్దు. డాక్టరుకు చూపించి చెవులు పరీక్ష చేయించండి. మేమూ చేయించాం. మావాడికి ఏ లోపమూ లేదన్నారు. ఇప్పుడు వాడు బడికి వెడుతున్నాడు, మమ్మల్ని మాట్లాడనివ్వడు!