శిక్షగా వచ్చిన సేవను మధ్యలో మానరాదు
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈరోజు మేము చట్టం గురించి నాలుగు మాటలు చెప్పదలిచాము. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, 1860 నాటి శిక్షాస్మృతిలో లేని శిక్ష ఒకటి చేరింది. అదే సమాజ సేవ. అంటే, పదిమందికీ పనికివచ్చే పనిని కోర్టు చెప్పిన ప్రకారం కూలి లేకుండా చెయ్యడం. తాగి బజారులో అల్లరి చెయ్యడం, పరువునష్టం, 5,000 రూపాయలకు లోపు దొంగతనం వంటి కొద్ది నేరాలకే ఇది వర్తిస్తుంది. దొంగతనమైతే శిక్షపడడం మొదటిసారి కావాలి, సొత్తుగానీ దాని విలువగానీ తిరిగి ఇచ్చెయ్యాలి.

మన బస్తీ కుర్రవాడొకడు చెడు సావాసంలో పడి ఒక పాత సెల్‌ఫోను ఎత్తుకుపోయాడనుకుందాం. జడ్జిగారు ఆసుపత్రి ఆవరణ శుభ్రం చెయ్యమన్నారు. ఇంట్లోవాళ్ళు "అల్‌హందులిల్లాహ్, గండం గడిచింది" అనుకుంటారు. వాడు మూడు రోజులు వెళ్తాడు. నాలుగోనాడు కూలి పోతోందనో, తెలిసినవాళ్ళు చూస్తున్నారనో మానేస్తాడు. "చీపురు పట్టకపోతే ఏం చేస్తారట?" అంటాడు.

ఏం చేస్తారో సంహిత 8వ సెక్షన్‌లో ఉంది. సేవ చెయ్యనివానికి కోర్టు ఖైదు విధించవచ్చు. ఆ నేరానికి జరిమానా లేక సమాజ సేవ మాత్రమే శిక్షగా ఉంటే అది సాధారణ ఖైదే. జరిమానా 5,000 దాటకపోతే రెండు నెలలు, 10,000 దాటకపోతే నాలుగు నెలలు, తక్కిన సందర్భాలలో ఒక ఏడాది మించకూడదు. ఏడాది చిన్న మాటా? తప్పించుకున్నామనుకున్న జైలే మళ్ళీ ఎదురొస్తుందన్నమాట.

కాబట్టి మా మనవి ఇది. కోర్టు ఉత్తర్వు నకలు తీసుకుని, ఏ పని, ఎక్కడ, ఎన్నాళ్ళు అన్నది చదివించుకోండి. వెళ్ళిన ప్రతి రోజుకూ హాజరు వేయించుకోండి. జబ్బుచేసినా, ఇంట్లో ఆపద వచ్చినా ఊరుకోకుండా, డాక్టరు చీటీతో వకీలు ద్వారా ముందుగానే కోర్టుకు తెలియజెయ్యండి. వకీలును పెట్టుకునే స్తోమతు లేనివారు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆడవారికీ, పిల్లలకూ, బీదలకూ ఉచిత న్యాయసహాయం 1987 నాటి చట్టమే ఇచ్చిన హక్కు.

ఇక పెద్దలకొక మాట. అటువంటి కుర్రవాణ్ణి చూసి నవ్వకండి. నలుగురి నవ్వుకు భయపడే వాడు పని మానేది. ఖిద్మత్ ఎప్పుడూ నామోషీ కాదు. మొదటిరోజు మనలో ఒకరం వెంట వెళ్దాం. వాడు జైలుకు పోకుండా ఇంటికి తిరిగొస్తే అదే మన సంఘానికి సార్థకత.

అల్లాహ్ మన పిల్లలందరినీ మంచి దారిన నడిపించుగాక. ఆమీన్. ఖుదా హాఫిజ్.