నియమము, సిద్ధాంతము

"అది వట్టి సిద్ధాంతమే కదా, ఇంకను ఋజువు కాలేదు" అని చదువుకొన్నవారు సైతము అనుట మనము తరచుగా వినుచుందుము. ఊహ బలపడినచో సిద్ధాంతమగుననియు, సిద్ధాంతము పూర్తిగా ఋజువైనచో నియమమను పదవి నందుననియు, గుమాస్తా హెడ్డుగుమాస్తా అయినట్లే యిదియు ననియు పెక్కుమంది తలంతురు. ఇది పొరపాటు. ఈ రెండును ఒక నిచ్చెనలోని మెట్లు కావు. రెండు వేరు ప్రశ్నలకు రెండు సమాధానములు. ఏమి జరుగుచున్నదో చెప్పునది నియమము. ఎందువలన జరుగుచున్నదో చెప్పునది సిద్ధాంతము.

ఒక ఉదాహరణము చూతము. సైకిలు పంపును తీసికొని, గాలి వెడలు రంధ్రమును వ్రేలితో గట్టిగా మూసి, పిడిని క్రిందికి నొక్కుడు. కొంతదూరము సులువుగా దిగును; పిమ్మట లోని గాలి ఎదురు తిరుగును. ఈ ఎదిరింపునకు ఒక లెక్క కలదు. ఇంగ్లండులో రాబర్టు బాయిలు, ఒకకొన మూసి వంచిన గాజుగొట్టములో పాదరసము పోసి, లోపల చిక్కుకొన్న గాలిని కొలిచి, 1662లో ఆ లెక్కను ప్రకటించెను. వేడిమి మారనంతవరకు, ఒత్తిడి రెండింతలైనచో గాలి ఆక్రమించు చోటు సగమగును, మూడింతలైనచో మూడవవంతగును. ఇదియే బాయిలు నియమము. ఎందుకట్లగునో ఈ నియమము చెప్పదు.

1738లో డానియల్ బెర్నూలి అను గణితవేత్త, గాలి యనగా నెడతెగక పరుగిడు అతిసూక్ష్మకణముల గుంపని వర్ణించెను. అవి పాత్ర గోడలను కొట్టుటయే ఒత్తిడి. చోటు సగమైనచో కణములు రెండింతలు క్రిక్కిరియును. గోడకు తగులు దెబ్బలును రెండింతలగును. నూరేండ్లు దాటిన పిమ్మట మాక్స్‌వెల్, బోల్ట్స్‌మన్ అనువారు ఈ భావమును గణితముతో విస్తరింపజేసిరి. ఇదియే వాయువుల చలన సిద్ధాంతము. కంటికి కనబడని అణువులను నమ్మజాలమని పెద్ద శాస్త్రజ్ఞులే కొందరు చాలకాలము వాదించిరి. నీటిలో తేలు సూక్ష్మరేణువుల అదురుపాటునకు అణువుల తాకిడియే కారణమని 1905లో ఐన్‌స్టయిన్ లెక్క కట్టెను. 1908 మొదలు ఫ్రాన్సులో పెరిన్ సూక్ష్మదర్శినితో ఆ రేణువులను పరీక్షించి, లెక్క సరియని తేల్చెను. వివాదము తీరెను. అయినను సిద్ధాంతము నియమముగా మారలేదు, సిద్ధాంతముగానే నిలిచియున్నది.

నియమము తిరుగులేనిదనుటయు సరికాదు. ఒత్తిడి మిక్కిలి హెచ్చినపుడు బాయిలు నియమము తప్పిపోవును. ఎందుకు తప్పునో చెప్పినది సిద్ధాంతమే. అణువులకును కొంత పరిమాణము కలదనియు, అవి ఒకదానినొకటి ఆకర్షించుననియు గ్రహించి, హాలండు దేశీయుడగు వాండర్‌వాల్స్ 1873లో ఆ లెక్కను సవరించెను. నియమమునకు హద్దు లెక్కడనో తెలియజేసినది సిద్ధాంతమే యన్నమాట.

ఇది మాటల తగవు మాత్రమే కాదు. అంటువ్యాధులు సూక్ష్మక్రిముల వలన గలుగునను నిర్ణయమునకును శాస్త్రమున సిద్ధాంతమనియే పేరు. కోక్ 1882లో క్షయవ్యాధి క్రిమిని కనుగొని చూపినను ఆ పేరు మారలేదు. శస్త్రవైద్యుడు కత్తి ముట్టకముందు చేతులు కడుగుకొనుట ఆ సిద్ధాంతమును బట్టియే. కలరా వ్యాపించినపుడు మనము నీరు కాచి త్రాగుటయు దానిని బట్టియే. "వట్టి సిద్ధాంతమే కదా" యని ఆ దినములలో కాచని నీరు త్రాగువాడు తన ప్రాణమునే పందెమొడ్డుచున్నాడు.

అట్లని సిద్ధాంతమను పేరు వినబడినంతనే నమ్మవలెనని నా భావము కాదు. అది ఏ పరీక్షలకు నిలిచినదని అడుగుడు. నిలిచియుండినచో, పేరును బట్టి చులకన చేయకుడు. మన శాస్త్రచర్చలలో పూర్వపక్షమును చెప్పి, దానిని ఖండించి, తుదకు నిలిపిన నిర్ణయమునకే సిద్ధాంతమని పేరు. మన పెద్దలు ఆ మాటకిచ్చిన గౌరవమును మనము పోగొట్టకుందుము గాక.