జొన్నరొట్టె, ఎముక, కాలువ నీళ్ళు

 

ఈరోజు పట్టాలు పుచ్చుకుంటున్న డాక్టర్లు, నర్సులు, ల్యాబ్ టెక్నీషియన్లు మీరు. వైద్య పరిశోధనలో వేర్వేరు శాస్త్రాలవాళ్ళు కలిసి పనిచేయడం గురించి మీకు చెప్పమన్నారు. ఉపదేశం నాకు చేతకాదు, జరిగిన సంగతి చెబుతాను.

తాగే నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువైతే వచ్చే ఫ్లోరోసిస్ మన తెలుగు నేల మీద చాలా పాత జబ్బు. అప్పటి నెల్లూరు జిల్లాలో మెడలు, నడుములు బిగుసుకుపోయిన మనుషుల గురించి 1937లోనే మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ నుంచి షార్ట్, పండిట్, రాఘవాచారి రాశారు. బావి నీళ్ళలో ఫ్లోరైడు ఎంతుందో కొలవకుండా, రోగుల ఎముకలను ఎక్స్‌రేలో చూడకుండా ఆ జబ్బును తేల్చడం అయ్యేపని కాదు. 1955లో సిద్దిఖీ అనే పరిశోధకుడు నల్లగొండ రోగుల గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. అప్పటికి ఫ్లోరోసిస్ అంటే ఎముక గట్టిపడి బిగుసుకుపోవడమనే అందరి లెక్క.

నాగార్జునసాగర్ ఆనకట్ట కట్టాక ఆ లెక్క తప్పింది. మోకాళ్ళు లోపలికి వంగి ఒకదానికొకటి తగులుతూ, పాదాలు ఎడంగా వేసి నడిచే కుర్రవాళ్ళు కనబడసాగారు. వాళ్ళ ఎముకల్లో కొన్నిచోట్ల గట్టిదనానికి బదులు గుల్లతనం. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ నుంచి కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి 1973లో ఈ సంగతిని లాన్సెట్‌లో ప్రకటించారు. నీళ్ళలో ఫ్లోరైడు పాతదే. మరి కొత్తగా వచ్చిందేమిటి?

ఆ ప్రశ్నకు ఆస్పత్రిలో జవాబు లేదు. ఆ పిల్లల ప్రధాన ఆహారం జొన్న. అదే సంస్థలో దేవస్థలే జొన్నగింజలోని ఖనిజాలు కొలిచేవారు. జొన్నలో మాలిబ్డినం అనే ఖనిజం పెరిగేకొద్దీ, తిన్నవాళ్ళ మూత్రంలో రాగి ఎక్కువగా పోతోందని ఆయనా గోపాలన్ గారూ 1974లో చూపించారు. ఎముక పోతపోసుకోవడానికి రాగి కావాలి. ఇక జొన్నలోకి మాలిబ్డినం ఎందుకొచ్చిందంటే, జలాశయం, కాలువల ఊటతో భూగర్భ జలం పైకి లేచి, నేలలో క్షారం పెరిగి, పైరు మాలిబ్డినాన్ని ఎక్కువగా పీల్చిందన్నది శాస్త్రవేత్తల ఊహ. ఆ గొలుసులో ప్రతి లంకె రుజువైందని నేను అనను. కానీ కాలు చూసిన డాక్టరు జొన్న దాకా, జొన్న నుంచి కాలువ దాకా వెళ్ళడం ఉందే, అది నాకు గొప్పగా తోస్తుంది. తన ప్రశ్నను సగంలో ఇంకొకరి చేతిలో పెట్టడానికి చదువొక్కటే చాలదు, కొంచెం అహం తగ్గాలి.

ఫ్లోరైడుకు విరుగుడు కథ ఇంత బాగా నడవలేదు. నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరీ) శాస్త్రవేత్తలు 1970లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి ఫ్లోరైడు తీసే పద్ధతి కనిపెట్టారు. ప్రపంచమంతా దాన్ని నల్లగొండ పద్ధతి అనే పిలుస్తుంది. కెమిస్ట్రీలో తప్పులేదు. అయితే రోజూ పాళ్ళు చూసి కలపాలి, కదపాలి, తేర్చాలి, అడుగున మిగిలిన మడ్డిని ఎక్కడో పారబోయాలి. ఈ పని ఊళ్ళో ఎవరు చేస్తారన్నది ల్యాబులో తేలే ప్రశ్న కాదు. తర్వాత కృష్ణా నీళ్ళు గొట్టాల్లో ఇళ్ళకు చేరాకే నల్లగొండ ఊపిరి పీల్చుకుంది.

ఇంత దూరం ఎందుకు తీసుకెళ్ళానంటే, మనది కొలిమిగుండ్ల. ఇక్కడా అలాంటి ప్రశ్నే ఉంది. బెలుం గుహలు చూడటానికి వచ్చేవాళ్ళు దారిపొడుగునా నాపరాళ్ళ దొంతరలు చూసి ఫొటోలు తీసుకుంటారు. ఆ రాయి తీసేవాళ్ళు, కోసేవాళ్ళు, పాలిష్ పట్టేవాళ్ళు దగ్గుతో మీ ఓపీకి వస్తారు. రాతిధూళిలో సిలికా ఉంటే ఊపిరితిత్తుల్లో మచ్చలు పడతాయి. ఎక్స్‌రేలో వాటిని చూసి టీబీ అనుకోవడం సులువు. చిక్కేమిటంటే, సిలికోసిస్ ఉన్నవాళ్ళకు నిజంగానే టీబీ తొందరగా పట్టుకుంటుంది. ఏ గనిరాయిలో సిలికా ఎంతో భూగర్భ శాస్త్రవేత్త చెప్పాలి. ధూళి ఎక్కడ లేస్తుందో, నీళ్ళు పోసి కోస్తే ఎంత తగ్గుతుందో మిషను నడిపే మనిషి చెప్పాలి. వాళ్ళిద్దరి దగ్గరికీ వెళ్ళాల్సింది మీరు.

అందుకని ఒక చిన్న పని. కేసుషీటులో వృత్తి అన్నచోట 'కూలి' అని రాసి వదిలేయకండి. గనిలోనా, ఫ్యాక్టరీలోనా? ఏ మిషను మీద? తడికోతా, పొడికోతా? ఎన్నేళ్ళుగా? నాలుగు ప్రశ్నలు, రెండు నిమిషాలు. డాక్టరుకు తీరిక లేకపోతే నర్సమ్మ అడగవచ్చు. ఆ నాలుగు జవాబులు లేకుండా భూగర్భ శాస్త్రవేత్త ఎదుట కూర్చుంటే, ఆయన్ని ఏమని అడుగుతారు?