కట్ట ఎక్కి చూడండి

పట్టాలు అందుకుంటున్న మీకు అభినందనలు. ఫీజులు కట్టిన మీ అమ్మానాన్నలకు ఇంకాస్త ఎక్కువ అభినందనలు. మర్యాదలు ఇంతటితో సరి.

తెలుగులో మాట్లాడతానంటే ప్రిన్సిపాల్ గారు వెంటనే ఒప్పుకున్నారు. కోలారు, చింతామణి, హిందూపురం, మదనపల్లె వైపు నుంచి వచ్చిన తల్లిదండ్రులు ఇక్కడ చాలామంది ఉన్నారట. మంచిదే. నేను మాట్లాడేది చెరువుల గురించి కాబట్టి, మీకన్నా వాళ్ళకే బాగా అర్థమవుతుంది.

నాది పెన్న ఒడ్డు. మా నదీ మీ నదీ నంది కొండల్లోనే పుట్టాయి. పెన్న అంటే ఉత్తర పినాకిని; అది హిందూపురం పక్కగా సాగి, అనంతపురం, కడప జిల్లాలు దాటి నెల్లూరు చేరుతుంది. దక్షిణ పినాకిని మీ హొసకోటె మీదుగా తమిళనాడుకు పోతుంది. పోతుంది అంటున్నాను గానీ, ఏడాదిలో ఎన్నాళ్ళు పోతుందో వెనక వరసల్లోని రైతులను అడగండి.

మీ హొసకోటెకు అంతరిక్షం కొత్త కాదు. ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్ వారి క్రెస్ట్ ప్రాంగణం ఇక్కడే ఉంది. లద్దాఖ్‌లోని హాన్లే టెలిస్కోపును ఇక్కడి నుంచే నడుపుతారు. 2023 సెప్టెంబరు 2న బయలుదేరిన ఆదిత్య-ఎల్1లో సూర్యుడి అంచుకు ఆవల ఉన్న కరోనాను చూసే పరికరాన్ని కూర్చింది ఇక్కడే. వాళ్ళది పైకి చూసే పని. నేను ఉద్యోగమంతా కిందికి చూశాను.

1988 మార్చి 17న ఐఆర్‌ఎస్-1ఏ ఉపగ్రహం బైకనూరు నుంచి ఎగిరిన రోజుల్లో నేను కొత్త ఉద్యోగిని. దాని కెమెరాల్లో ఒకదానికి బొమ్మలో ఒక్కో చుక్క అంటే నేల మీద 72.5 మీటర్లు, రెండోదానికి 36.25 మీటర్లు. చిన్న కుంటలు ఆ చుక్కల్లోనే కలిసిపోయేవి. కింద లైటు వెలిగే అద్దపు బల్ల మీద ఫిల్ము పరిచి, పెన్సిలుతో చెరువుల అంచులు గీసేవాళ్ళం. గీసింది నిజమో కాదో చూడ్డానికి టోపోషీటు చంకన పెట్టుకుని జీపులో ఊళ్ళు తిరిగేవాళ్ళం. అనంతపురం జిల్లాలో చెరువు నీళ్ళు పంచే ఒక నీరుగంటికి నా పటం గర్వంగా చూపించాను. ఆయన తిప్పి తిప్పి చూసి, "నీళ్ళు ఎంత మేర ఉండాయో నాకూ కనపడతాంది సామీ, ఎంత లోతు ఉండాయో చెప్పు" అన్నాడు. చెరువు నిండా పూడిక. అంచు నుంచి అంచుకు నీళ్ళు పరుచుకున్నా, నడుముల్లోతు దాటదు. ఆ సంగతి ఆయనకు తెలుసు, ఉపగ్రహానికి తెలియదు.

ఇప్పుడు మీకు లేనిదేమిటి? ల్యాండ్‌శాట్ ఉపగ్రహాలు 1972 నుంచి తీసిన బొమ్మలన్నీ 2008 నుంచి ఉచితం. సెంటినెల్-2 పది మీటర్ల చుక్కతో అయిదు రోజులకోసారి చూసిపోతుంది. 2022 డిసెంబరులో వెళ్ళిన స్వాట్ నీటిమట్టం ఎత్తునే కొలుస్తుంది. మన శ్రీహరికోట నుంచి 2025 జులై 30న ఎగిరిన నైసార్ తన రాడార్‌తో మబ్బుల్లోంచి కూడా నేలను చూస్తుంది. మా కాలంలో జులై నుంచి సెప్టెంబరు దాకా, అంటే సరిగ్గా చెరువులు నిండే వేళకు, మాకు కనిపించేవి మబ్బులే.

ఇంత ఉన్నా నాకో దిగులుంది. మీరు కుర్చీ దిగరు.

కోప్పడకండి, ఉదాహరణ చెబుతాను. ఒక థీసిస్‌కు నన్ను పరీక్షకుడిగా పిలిచారు. అబ్బాయి తెలివైనవాడే. అయిదేళ్ళలో ఫలానా చెరువు సగానికి తగ్గిందని రంగురంగుల పటాలతో నిరూపించాడు. చెరువు మీద గుర్రపు డెక్క పరుచుకుందేమో చూశావా నాయనా అని అడిగాను. నీరు సమీప పరారుణ కిరణాలను మింగేస్తుంది, ఆకు వెనక్కి కొడుతుంది. కాబట్టి డెక్క కమ్మిన చెరువు పొలంలా కనబడుతుంది. ఆ చెరువు వాళ్ళ హాస్టలుకు బస్సులో వెళ్ళేంత దూరమే. పిల్లవాడు ఒక్కసారీ వెళ్ళలేదు! రాడార్ బొమ్మలకూ ఇదే జాగ్రత్త కావాలి. వాటిలో నిశ్చలంగా ఉన్న నీరు నల్లగా కనిపిస్తుంది, నున్నటి రన్‌వే కూడా నల్లగానే కనిపిస్తుంది. దేవనహళ్ళి విమానాశ్రయంలో పొడవాటి చెరువు కనిపెట్టామని నాకు ఉత్తరం రాయకండి.

గ్రేస్ అనే జంట ఉపగ్రహాల సంగతి చూడండి. సుమారు 220 కిలోమీటర్ల ఎడంతో ఒకదాని వెనక ఒకటి తిరుగుతూ, ఆ ఎడంలో వచ్చే అతి సన్నని తేడాలను బట్టి నేల మీదా కిందా నీటి బరువు ఎంత మారిందో చెప్పాయి. 2002 ఆగస్టు నుంచి 2008 అక్టోబరు వరకు రాజస్థాన్, పంజాబ్, హర్యానాలు 109 ఘన కిలోమీటర్ల భూగర్భ జలం పోగొట్టుకున్నాయని 2009లో నేచర్ పత్రికలో లెక్క తేల్చారు. మన భాషలో దాదాపు 3,850 టీఎంసీలు. గొప్ప పని. కానీ ఆ చూపు మూడు నాలుగు వందల కిలోమీటర్ల వెడల్పున్న చూపు. అందులో హొసకోటె తాలూకా ఆవగింజ. అయినా ఏటా ఎవరో ఒకరు ఒక్క తాలూకా భూగర్భ జలాన్ని గ్రేస్‌తో కొలిచామని నాకు పంపుతూనే ఉంటారు.

కోలారు చెరువుల్నే తీసుకోండి. 2018 జూన్ నుంచి బెంగళూరు మురుగునీటిని శుద్ధి చేసి కె.సి. వ్యాలీ పథకం కింద అక్కడికి పంపుతున్నారు. ఎండిన చెరువులు నిండడం ఉపగ్రహ చిత్రాల్లో చక్కగా కనిపిస్తుంది. రెండు దశల శుద్ధి చాలదు, మూడోదీ కావాలని కోలారువాళ్ళు అడుగుతున్నారు. ఆ నీళ్ళలో లోహాలు ఎంత ఉన్నాయో ఏ ఉపగ్రహమూ చెప్పదు. సీసా ముంచి, ల్యాబుకు పట్టుకెళ్ళే మనిషి చెప్పాలి.

కడప జిల్లా పోరుమామిళ్ళలో 1369 నాటి చెరువు శాసనం ఉంది. మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలూ, ఆరు దోషాలూ అందులో చెక్కించారు. నీరు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం ఒక దోషం, కట్ట ఊట కారడం ఒకటి. రెండు రాజ్యాల సరిహద్దులో ఉండడం ఇంకొకటి. దక్షిణ పినాకిని నీటి కోసం సుప్రీంకోర్టుకెక్కిన రెండు రాష్ట్రాలకు ఈ చివరిది ఎవరైనా చదివి వినిపించాలి. అంగాల్లో జలశాస్త్రం తెలిసిన మనిషీ ఉన్నాడు. మీ పట్టా ఆ ఉద్యోగానికే.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రైతులే ఆ పని చేసి చూపించారు. ఈ శతాబ్దం మొదటి దశకంలో అనంతపురం, చిత్తూరు, మహబూబ్‌నగర్ లాంటి ఏడు కరువు జిల్లాల్లో, రైతులు స్వయంగా వాన కొలిచి, బోర్లలో నీటిమట్టం చూసి, ఊళ్ళో గోడ మీద రాసి, రబీలో ఏ పంట వేయాలో కూర్చుని లెక్క వేసుకున్నారు. ఇన్ని ఉపగ్రహాలున్న మనం కనీసం ఆ లెక్కను ఆపకుండా ఉండవలసింది. ఆ పనిని నడిపిన ప్రాజెక్టు డబ్బు ఆగిన చోట కొలతల పుస్తకాలూ ఆగిపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ఉపగ్రహం చెప్పేదాన్ని సరిచూడ్డానికి నేల మీది కొలత లేకపోతే, పైనుంచి ఎన్ని బొమ్మలు దిగినా అవి బొమ్మలే.

మీ ప్రాంగణంలో వర్షమాపకం ఎక్కడుందని పొద్దున అడిగాను. ప్రిన్సిపాల్ గారు మొహమాటంగా నవ్వారు. ఒక వర్షమాపకం కొనండి, వాడకుండా వదిలేసిన బోరు ఉంటే నీటిమట్టం చూసే టేపు ఒకటి కొనండి. రెండింటికీ కలిపి మీ చేతుల్లోని ఒక్క ఫోను ఖరీదు కాదు. వాతావరణ శాఖవాళ్ళు వాన కొలిచే వేళకే, రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు, ఒకరు చూసి పుస్తకంలో రాయాలి. ఆదివారమైనా సరే, పరీక్షలున్నా సరే. ఊరు వదిలే ముందు ఆ పుస్తకాన్ని జూనియర్ల చేతికిచ్చి వెళ్ళండి.