లెక్కపెట్టిన తూటాలు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములలో 1946 నుండి 1951 వరకు సాగిన సాయుధ పోరాటమును తలచుకొనునపుడు మనము ధైర్యసాహసములనే చెప్పుకొందుము. తూటాను తలచుట అరుదు. కాని దానిని తలపక ఆ ధైర్యమునకు విలువ కట్టలేము.

పల్లెవాని తొలి ఆయుధము వడిసెల, పిమ్మట భర్మారు. ఈ తుపాకికి గొట్టపు మూతినుండి మందు పోసి, గుడ్డపీలిక దట్టించి, గుండ్లు వేసి, మరల దట్టించవలెను. ఒక్కమారు పేలినంతనే ఈ తంతు అంతయు మొదటికి వచ్చును. వానకు మందు తడిసెనా, తుపాకి మూగవోవును.

సైనికుని త్రీ నాట్ త్రీ రైఫిలు అట్టిది కాదు. దాని పెట్టెలో పది తూటాలు పట్టును. ఇత్తడి గొట్టములో మందు, అడుగున నిప్పు రగిలించు చిన్న టోపీ, కొనను గుండు, అన్నియు ఒక్కటిగా బిగింపబడి యుండును.

అట్టి రైఫిలు దళమునకు చిక్కినను తూటాలు చిక్కవలెను గదా! సురేకారము, గంధకము, బొగ్గు దొరకినచో భర్మారు మందును ఊరిలోనే నూరుకొనవచ్చును. రైఫిలు తూటాకు కార్ఖానా కావలెను. నిజాము ప్రభుత్వమునకే ఆయుధములు చాలక, 1948లో సిడ్నీ కాటన్ అను ఆస్ట్రేలియా వైమానికుడు వానిని రహస్యముగా విమానములలో చేరవేసెను. ఇక పల్లెదళముల మాట చెప్పవలెనా?

1948 సెప్టెంబరులో భారతసైన్యము విజయవాడవైపునుండి కోదాడ, సూర్యాపేటల మీదుగా వచ్చెను. 1951 అక్టోబరులో పోరు విరమింపబడెను. నేడు 1959 నాటి ఆయుధ చట్టము ప్రకారము లైసెన్సు లేక తూటా తయారుచేయుట నేరము.

ఆనాటి కథ వినునపుడెల్ల మనమొక ప్రశ్న వేసికొందము: ఆ రాత్రి వారియొద్ద ఎన్ని తూటాలుండెను?