రెండువేల మీటర్ల స్టీపుల్‌ఛేజ్ – వేగపు లెక్క
(మన సంఘ సభలో చేసిన ప్రసంగ పాఠము)



తరతరములుగా ఈ కన్నడసీమలో స్థిరపడిన మన కుటుంబముల పిల్లలు కొందరు కంఠీరవ క్రీడాంగణమున పరుగు నేర్చుచున్నారు. స్టీపుల్‌ఛేజ్ పెద్దలకు 3,000 మీటర్లు. పదునెనిమిదేండ్లలోపు వారి పోటీలలో 2,000 మీటర్లు పరిపాటి. పెద్దల కాలములో మూడింట రెండు వంతులు తీసికొన్నచో పిల్లల పందెమునకు కొలమానము దొరకునని పలువురు తలంతురు. ఆ లెక్క సరికాదు.

పెద్ద పందెమున 28 అడ్డుకొయ్యలు, 7 నీటిగుంటలు, వెరసి 35 దూకుళ్లు. చిన్నదానిలో 18 కొయ్యలు, 5 గుంటలు, వెరసి 23. పురుషులకు కొయ్య యెత్తు 91.4 సెంటీమీటర్లు, స్త్రీలకు 76.2. కాలు తగిలిన నది పడదు, మనమే పడుదుము.

ఇథియోపియా వీరుడు లమేచా గిర్మా 2023 జూన్ 9న పారిస్‌లో 3,000 మీటర్ల స్టీపుల్‌ఛేజ్‌ను 7 నిమిషముల 52.11 సెకండ్లలో ముగించి ప్రపంచ రికార్డు నెలకొల్పెను. అదే యేడు ఫిబ్రవరిలో, కప్పు క్రింది బాటపై, అడ్డంకులు లేని 3,000 మీటర్లను 7 నిమిషముల 23.81 సెకండ్లలో పరుగెత్తెను. తేడా 28.3 సెకండ్లు, అనగా దూకుడొక్కింటికి సుమారు 0.8 సెకండు.

ఇక దూరము తగ్గిన కొలది వేగము పెరుగును. నార్వే దేశీయుడు యాకొబ్ ఇంగెబ్రిగ్ట్‌సెన్ 2,000 మీటర్లను 2023లో 4 నిమిషముల 43.13 సెకండ్లలోను, 3,000 మీటర్లను 2024లో 7 నిమిషముల 17.55 సెకండ్లలోను పరుగెత్తెను. చిన్న పందెమున ఆయన వేగము నూటికి మూడు వంతులు హెచ్చు. గిర్మా కాలములో మూడింట రెండు వంతులు 5 నిమిషముల 14.7 సెకండ్లు. అందు నూటికి మూడు తగ్గింపగా సుమారు 5 నిమిషముల 5 సెకండ్లు వచ్చును. 2010లో ఫ్రాన్సు దేశీయుడు మహియెద్దీన్ మెఖిస్సీ రేమ్స్ నగరమున 5 నిమిషముల 10.68 సెకండ్లలో ముగించెను. ఒలింపిక్స్ వంటి మహాక్రీడలలో ఈ పందెము లేదు గనుక మేటివారు దీనిని అరుదుగా పరుగెత్తుదురు. అందుచేతనే లెక్కకు, వాస్తవమునకు ఈ యెడము.

మన దేశపు అవినాశ్ సాబ్లే 2024 జులై 7న పారిస్‌లో 3,000 మీటర్లను 8 నిమిషముల 9.91 సెకండ్లలో ముగించెను. ఇదే లెక్కను 2,000 మీటర్లకు ఆయన శక్తి 5 నిమిషముల 17 సెకండ్ల ప్రాంతము.

తల్లిదండ్రులు గ్రహింపవలసినది రెండు విషయములు. బాలుని 2,000 మీటర్ల కాలమును ఒకటిన్నరతో హెచ్చవేసి, రేపే పెద్ద పందెమున గెలుచునని భ్రమపడరాదు. ఆ లెక్క వానిని ఉన్నదానికన్న మేటిగా చూపును. తొందరపడి పెద్ద దూరమునకు త్రోసిన యెడల కాళ్లకును, ఉత్సాహమునకును చేటు. రెండవది: దూకుటలో నేర్పు సాధించి, కొయ్యకు సెకండులో ఐదవ వంతు మిగిల్చినను 23 దూకుళ్లకు నాలుగున్నర సెకండ్లు కలిసివచ్చును. ఊపిరి పెరుగుటకు ఏండ్లు పట్టును. నేర్పు మాత్రము ఇప్పుడే అలవడును.

బీడు జిల్లా రైతుబిడ్డ సాబ్లే సైన్యమున చేరిన పిమ్మటనే ఈ పందెమునకు మరలెను. కావున మన పిల్లలకు కాలమున్నది. వారికి ఓర్పు నేర్పుటకు ముందు మనము ఓర్పు వహింతుము గాక.